ట్యాంకర్ ధర కట్టడి చేశారు, ట్యాంకర్ రావడం మానేసింది. ప్రభుత్వం ఎంతవరకు రావాలి?

కాడుగోడి_రవి
ఫిబ్రవరి సగమైంది, నాకు అప్పుడే టెన్షన్ మొదలైంది. మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, నేను అసోసియేషన్ సెక్రటరీని. 2007లో బెంగళూరు నగరంలో కలిసిన శివారు మాది. కావేరి పైపు వీధి చివరిదాకా వచ్చింది, మా గేటు దాటలేదు. రెండు బోర్ల మీద బతికేవాళ్లం. అందులో ఒకటి 2024లో ఎండిపోతే మోటారు పైకి తీసి పక్కన పడేశాం.

ఆ మార్చిలో జరిగింది చెప్తాను. అంతకుముందు మా ట్యాంకర్ ఆయన 12 వేల లీటర్లు 1,200కి తెచ్చేవాడు. నెల తిరిగేసరికి 2,200 అన్నాడు. ప్రభుత్వం నిద్రపోతోందా, ధర కట్టడి చేయాలి అని మీటింగులో అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. అనుకున్నట్టే జిల్లా యంత్రాంగం ధరలు ఖరారు చేసింది. 5 కిలోమీటర్ల లోపల 6 వేల లీటర్లకి 600, 8 వేలకి 700, 12 వేలకి 1,000. ఆ కాగితం ఫొటో గ్రూపులో పెట్టుకుని పండగ చేసుకున్నాం.

నాలుగో రోజు నుంచి ట్యాంకర్ రాలేదు. ఫోన్ చేస్తే 'బోరు అడుగంటింది సార్' అన్నాడు. ఆ రాత్రి పదకొండింటికి అమ్మకి మందుల కోసం బయటికెళ్తే అదే ట్యాంకర్, వెనక కారే వాల్వుకి చుట్టిన అదే సైకిల్ ట్యూబు, పక్క వీధి గేటులోకి వెళ్తోంది. అక్కడి వాచ్‌మన్‌ని అడిగాను. 2,600 అట, బిల్లు ఇవ్వడట, చీకటి పడ్డాకే వస్తాడట. మర్నాడు నేనూ ఆ ధరకే ఒప్పుకున్నాను. నన్ను చూసి ఆయన తల దించుకున్నాడు. ఆయన్ని చూసి నేనూ దించుకున్నాను.

అప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ప్రభుత్వం ఎక్కడిదాకా రావాలి, ఎక్కడ ఆగాలి?

హెబ్బాళ_సుబ్బు
మా వీధిలోనూ ఇదే కథ. రేటు కాగితం మీద ఉండేది, నీళ్లు చీకట్లో వచ్చేవి.

నిడుబ్రోలు_మనవడు
రవి అన్నా, ఆయన 2,200 అన్నప్పుడు ఆ ధర మీకొక కబురు చెప్పింది. నీళ్లు తగ్గాయి, చూసి వాడుకోండి, దూరం నుంచి తెచ్చేవాడుంటే వాడికి గిట్టుబాటవుతుంది అని. హొసకోటె అవతల నుంచి తేవాలంటే డీజిలు, డ్రైవరు బత్తా, బోరు దగ్గర క్యూలో గంటలు. వెయ్యికి గిట్టదు. కబురు బాగాలేదని తెచ్చినవాడి నోరు కట్టేస్తే కరువు పోతుందా?

ఆర్థికవేత్త హయెక్ 1945లో ఒక వ్యాసంలో ఇదే చెప్పాడు. ఏ బోరులో ఎంత ఉంది, ఎవరికి ఎంత అత్యవసరం అన్న తెలివిడి లక్షల మంది దగ్గర తలా కాస్త ఉంటుంది. ఎంత నిజాయితీపరుడైన అధికారికైనా అదంతా ఒక బల్ల మీదికి చేరదు. ధర ఒక్కటే వాటిని కలుపుతుంది.

ప్రభుత్వమే వద్దని నేను అనడం లేదు. ఆర్థికశాస్త్రానికి ఆద్యుడనే ఆడం స్మిత్ 1776లోనే దానికి మూడు పనులు అప్పజెప్పాడు: దేశ రక్షణ, న్యాయం, ఏ ఒక్కరికీ గిట్టుబాటు కాని ప్రజా నిర్మాణాలు. ట్యాంకర్‌లో 12 వేలని చెప్పి 10 వేలే పోస్తే పట్టుకోండి, అది మోసం, అది ప్రభుత్వ పనే. నేనూ ఆయనా మాట్లాడుకున్న బేరానికి మూడోవాడి సంతకం ఎందుకు?

ఇది పరాయి దేశపు ఆలోచన అని కొట్టిపారేయకండి. 1959లో నాగపూర్‌లో కాంగ్రెస్ సహకార సేద్యం తీర్మానం చేస్తే, రైతు చేతిలోంచి భూమి పోతుందని రాజాజీ, మా నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు, మినూ మసానీ కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు రంగా గారే. పర్మిట్ లైసెన్స్ రాజ్ అన్న మాటని జనం నోట్లో పెట్టింది రాజాజీ. మా తాత ఇల్లు కట్టేటప్పుడు సిమెంటుకి పర్మిట్ కావాలి. 40 బస్తాలు అడిగితే 15 రాశారు. ఆ కాగితం మా నాన్న ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి అన్నం మెతుకులతో అతికించారు. ఆ ఇంటి వెనక గోడ ఇవాళ్టికీ మట్టిదే.

మారతహళ్లి_శ్రీలత
కబురు కబురు అంటున్నారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఉండే వఠారంలో తొమ్మిది ఇళ్లకి ఒక ప్లాస్టిక్ ట్యాంకు. ఆ మార్చిలో వాళ్లు బిందె 10 రూపాయలకి కొన్నారు. ఇంటికి రోజుకి ఆరు బిందెలు. ఆ కబురు విని ఆ అమ్మాయి దేంట్లో పొదుపు చేయాలి? పిల్లాడికి రోజు విడిచి రోజు స్నానం పోసింది. వాడి మెడ మీద చెమట పొక్కులు నేను చూశాను. అదే నెలలో మా ఎదురింటాయన లాన్‌కి పైపు పెట్టి తడిపాడు. ధర ఆయనకీ అదే కబురు చెప్పింది, ఆయన వినలేదు, వినక్కర్లేదు కూడా. ధరకి కనపడేది జేబే, దాహం కనపడదు.

బొమ్మనహళ్లి_కుమార్
శ్రీలత అక్క మాటకి నా ఓటు.

నిడుబ్రోలు_మనవడు
అక్కా, ఆ బాధ నిజం. మరి కట్టడి చేశాక ఆ అమ్మాయికి బిందె ఎంతకి దొరికింది?

మారతహళ్లి_శ్రీలత
తగ్గలేదు. రెండు రోజులు అసలు దొరకలేదు. ఒప్పుకుంటున్నాను. అలాగని ట్యాంకర్‌వాళ్ల ఇష్టానికి వదిలేస్తే దొరికేదని మీరు నాతో ఒప్పించలేరు.

నిడుబ్రోలు_మనవడు
అందుకే డబ్బు ఆ అమ్మాయి చేతిలో పెట్టమంటాం. ఆదాయం ఒక గీత కిందికి పడితే పన్నుల శాఖే ఎదురు డబ్బు ఇవ్వాలని 1962లోనే వాదించినవాడు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. పేదవాడికి సాయం చేయండి, ధర జోలికి పోకండి.

ఒక లెక్క చూడండి. 2014 నుంచి 2025 ఏప్రిల్ దాకా కావేరి కనెక్షన్ ఉన్న ఇల్లు నెలకి మొదటి 8 వేల లీటర్లకి కట్టింది వెయ్యి లీటర్లకి 7 రూపాయలు. కావేరి పంపింగ్ స్టేషను ఉన్న తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, అదీ ఎత్తుకి పంపు చేసిన నీళ్లు. రవి అన్న కట్టడి ధరకే కొన్నా వెయ్యి లీటర్లకి 83. ఆ వఠారంలో బిందె 15 లీటర్లు అనుకుంటే వెయ్యి లీటర్లకి 660 పైన. పేదల పేరు చెప్పి చవక చేశారు, ఆ చవక పేదల గడప తొక్కలేదు.

బొమ్మనహళ్లి_కుమార్
660 చూసి కడుపు తరుక్కుపోయింది. ఎప్పుడూ ఇలా లెక్కకట్టలేదు నేను.

న్యాయపక్షం
ఇద్దరూ ధర దగ్గరే ఆగిపోయారు. అమ్ముతున్న సరుకు అసలు ఎవరిది? రవి గారి బోరు ఎందుకు ఎండిందో ఒక్కసారి ఆలోచించండి.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచీ మన దగ్గర నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, నేల ఎవరిదో కింద నీళ్లు తోడుకునే హక్కు వాళ్లది. కానీ నేల కింద కాంపౌండు గోడలు లేవు. అరెకరం కొని 1,200 అడుగులు దించి రోజంతా ట్యాంకర్లు నింపితే ఆ నీళ్లలో సగం చుట్టుపక్కల వాళ్లవి. పెద్ద మోటారున్నవాడిదే నీరు. ప్రభుత్వం ఆస్తిని కాపాడితే చాలు అనే నిడుబ్రోలు గారు ముందు ఇక్కడ ఆస్తి ఎవరిదో తేల్చాలి. మీరు చెప్పే బేరంలో రవి గారి బోరుకి ఏ చోటూ లేదు.

కోర్టులకీ ఇది తేలిక కాలేదు. కేరళ ప్లాచిమాడలో కోకాకోలా ఫ్యాక్టరీ నీళ్లు తోడటం మీద నడిచిన కేసులో 2003లో హైకోర్టు సింగిల్ జడ్జి భూగర్భ జలం ప్రజలందరిదీ, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే అన్నారు. 2005లో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ మాట ఒప్పుకోలేదు, నేల యజమాని తగు మేరకు తోడుకోవచ్చు అంది.

నిడుబ్రోలు_మనవడు
సార్, ఇది మా వాదనలో కష్టమైన చోటు, దాచను. ప్రభుత్వం కాపలా కాస్తే చాలు అన్న తత్వవేత్త నోజిక్ కూడా 1974లో దీని దగ్గర ఆగాడు. ఎడారిలో ఉన్న ఒక్కగానొక్క నీటిగుంటని సొంతం చేసుకుని నోటికొచ్చిన ధర అడిగే హక్కు ఎవరికీ లేదన్నాడు. మిగతా గుంటలన్నీ ఎండిపోయి తనదొక్కటే మిగిలినా అంతే. నీళ్లకి హద్దులు గీయడం, ఎవరి వాటా ఎంతో రాయడం ప్రభుత్వం చేయాల్సిన పని. ఆ పని వదిలేసి ధరల పట్టీ అంటించడం దగ్గరే నా గొడవంతా.

న్యాయపక్షం
ఇప్పుడు మీరూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

ఎర్రమట్టి_రైతుబిడ్డ
స్వతంత్ర పార్టీని ఆకాశానికి ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. అందులో రాజులు, సంస్థానాధీశులు ఎంతమంది ఉన్నారో చెప్పలేదేం? పేద రైతు పేరు మీద పెద్ద భూస్వాముల్ని కాపాడిన పార్టీ అది.

నిడుబ్రోలు_మనవడు
ఉన్నారు, కాదనను. కానీ రంగా గారు జమీందారీకి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి రైతుల్ని కూడగట్టిన మనిషి. జమీందారు చేతిలోంచి వచ్చిన భూమి సర్కారు చేతిలోకి పోకూడదన్నదే ఆయన పట్టుదల. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచిన పార్టీ, 1974కి వేరే పార్టీలో కలిసిపోయింది. వాళ్లు అడిగింది చాలావరకు 1991 జూలై 24న జరిగింది. ఆ రోజు పారిశ్రామిక విధానం మారి చాలా పరిశ్రమలకి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. పరిశ్రమల శాఖ అప్పుడు పీవీ గారి దగ్గరే ఉంది. మనందరం ఈ ఊరికి ఉద్యోగాలకి రాగలిగామంటే ఆ రోజు ప్రభుత్వం కాస్త పక్కకి జరగబట్టే.

ఎర్రమట్టి_రైతుబిడ్డ
మనం వచ్చింది ప్రభుత్వం పెట్టిన బడుల్లో, కాలేజీల్లో చదువుకుని. నేను నాలుగో తరగతి నుంచి డిగ్రీ దాకా ప్రభుత్వ హాస్టల్‌లో అన్నం తిన్నాను. ఆ పళ్లెం పెట్టకపోయుంటే జరగడానికి చోటిచ్చినా నడిచేవాణ్ణి కాదు. ఆ మాట కూడా చెప్పండి తమ్ముడూ.

మారతహళ్లి_శ్రీలత
ఇది చదివి చాలాసేపు ఆగిపోయాను.

రెండుచక్రాల_కళ్యాణ్
నీళ్ల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఆఫీసులో షిఫ్ట్ అయ్యాక బైక్ ట్యాక్సీ నడిపేవాణ్ణి, తోలిన రోజుకి 500, 600 మిగిలేవి. చెల్లి ఫీజు అందులోంచే కట్టాను. కర్ణాటకలో 2021లో ఎలక్ట్రిక్ బైక్ ట్యాక్సీలకి ఒక పథకం తెచ్చారు, 2024లో తీసేశారు. నియమాలు లేవు కాబట్టి నడపకూడదని హైకోర్టు అంటే 2025 జూన్ 16 నుంచి ఆపేశారు. నియమం రాయాల్సింది వాళ్లు, రాయలేదు, ఆగిపోయింది నా బండి. ఎక్కేవాళ్లకి ఇష్టం, నాకు ఇష్టం, ఎవరికీ హాని లేదు. అలాంటప్పుడు రోడ్డు మీద నన్ను నేరస్తుడిలా నిలబెట్టి బండి తాళం తీసుకోవడం ఏం న్యాయం?

ఆటోవాలా_కొడుకు
హాని లేదని మీకు అనిపిస్తుంది అన్నా. మా నాన్న అప్పు చేసి పర్మిట్ ఉన్న ఆటో కొన్నాడు. మీటరు ధర ప్రభుత్వం పెట్టింది, రంగు ప్రభుత్వం చెప్పింది, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ అన్నీ కట్టాడు. మీకు ఏ కట్టడీ లేదు, ఆయనకి అన్నీ ఉన్నాయి. ఒకే రోడ్డు మీద ఇద్దరికి రెండు రూల్సు ఉంటే పోటీ అంటారా?

రెండుచక్రాల_కళ్యాణ్
మీ నాన్నకి ఆ పర్మిట్ బరువు దించమందాం, నాకూ ఎక్కించమని కాదు. మీ నాన్న మీద నాకు ఏ కోపమూ లేదు తమ్ముడూ.

ఆటోవాలా_కొడుకు
దించితే పర్మిట్‌కి పెట్టిన డబ్బు ఎవరిస్తారు? అప్పు ఇంకా రెండేళ్లుంది.

హెబ్బాళ_సుబ్బు
దీనికి వేరే థ్రెడ్ పెట్టండి, నేనూ వస్తాను. ఇది నీళ్ల దగ్గరికి తిప్పుదాం, చదివీ చదివీ దాహం వేసి రెండు చెంబులు తాగాను.

అనంతపురం_ఓబులేసు
నాకు ఈ సిద్ధాంతాలు తెలియవు, చూసింది చెప్తాను. మా ఊరి చెరువుకి రెండు తూములు. తూము తీసేవాడు, మూసేవాడు నీరుగంటి ఒక్కడే. రైతు ఎంత పెద్దవాడైనా తూము మీద చెయ్యి వేయకూడదు. పొడుగాటి పార భుజాన వేసుకుని తెల్లవారుజామున కాలవ వెంట నడుస్తూ, మడిలో పాదం పెట్టి చూసేవాడు. మడమ మునిగితే గండి కట్టేసి పై మడికి తిప్పేవాడు. చెరువులో నీళ్లు తగ్గితే ఆ ఏడు ఎవరికి ఎన్ని మడులు తడపాలో అతనూ పెద్ద రైతులూ కట్ట మీద కూర్చుని తేల్చేవాళ్లు. కోత అయ్యాక కళ్లంలో అతని వాటా ధాన్యం కొలిచాకే మిగతా గింజ ఇంటికి. చెరువు మరమ్మతు చేసేవాళ్లకి దశబంధం మాన్యాలని మా సీమలో పాత కాలం నుంచీ ఉండేవి. అక్కడ సర్కారు ఆర్డరూ లేదు, ట్యాంకర్ బేరమూ లేదు.

ఇందులో చేదు కూడా చెప్పాలి. మా నీరుగంటిది దళిత కుటుంబం. ఊరందరి మడికీ సమానంగా నీళ్లు పంచిన మనిషిని ఊరి బావి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ తప్పు దిద్దడానికి రాజ్యాంగమూ చట్టమూ కావాల్సి వచ్చింది. కాబట్టి ఊరే చూసుకుంటుంది, పైవాళ్లు రావద్దు అని నేను అనలేను.

2000ల్లో మా జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ భూగర్భ జలం కొలుచుకున్న పని ఒకటి జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ సాయం ఉండేది. మా బాబాయి అందులో ఉన్నాడు. బోరులోకి తీగ దించి నీటిమట్టం చూడటం, వాన కొలవడం, ఊరి గోడ మీద రాయడం. రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లకి ఏ పంట ఎంత వేయొచ్చో లెక్క కట్టేవాళ్లు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఆర్డరు వేయలేదు. గోడ మీద అంకె చూసి మా బాబాయే రెండెకరాల వరి మానేసి వేరుశనగ వేశాడు. ఆర్డరు వేసి ఉంటే రాత్రిపూట మోటారు వేసేవాడు, ఆయన సంగతి నాకు తెలుసు.

న్యాయపక్షం
2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చదువంతా ఇదే ఓబులేసు గారూ. ఆవిడ తొలి పరిశోధన కాలిఫోర్నియాలో ఇలా తోడేసుకుంటున్న భూగర్భ జలం మీదే. వాడుకునేవాళ్లు తామే కొలిచి, తామే హద్దు గీసుకుని, కోర్టు చేత ఆ హద్దుకి ముద్ర వేయించుకున్నారు.

చెన్నై_వాసవి
ఊళ్లో ముఖాలు తెలుసు అన్నా, ఇక్కడ పక్క ఫ్లాట్ ఆయన పేరే తెలియదు. తమిళనాడులో 2003లో ప్రతి బిల్డింగ్‌కీ వాన నీటి గుంట తప్పనిసరి చేశారు. గడువు పెట్టారు, లేకపోతే కనెక్షన్ తీసేస్తామన్నారు. మా వీధిలో అప్పుడు అందరూ తిట్టుకున్నారు, నాన్నగారు కూడా. రెండేళ్లకి మా బావిలో ఉప్పదనం తగ్గింది, పప్పు ఉడకడం మొదలైంది. బలవంతం చేయకపోతే మా వీధిలో ఒక్కరు కూడా గుంట తవ్వేవాళ్లు కాదు. కొన్ని పనులు సర్కారు గట్టిగా చెప్తేనే అవుతాయి.

హెబ్బాళ_సుబ్బు
2019లో మీకు రైల్లో నీళ్లు వచ్చాయి కదండీ?

చెన్నై_వాసవి
వచ్చాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి చెన్నైలోని విల్లివాక్కానికి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్లు. నేను సిగ్గుపడుతూనే చెప్తున్నాను, పదహారేళ్లలో మా వీధి గుంటల్లో సగం పూడిపోయాయి. మొదటిసారి తనిఖీకి వచ్చినవాళ్లు మళ్లీ రాలేదు, మేమూ తవ్వలేదు. మా బిల్డింగ్‌లో ఆ పైపు దగ్గర ఎవరో స్కూటర్ స్టాండు వేశారు.

నిడుబ్రోలు_మనవడు
వాసవి గారూ, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. భయం మీద కట్టింది భయం పోగానే పూడిపోతుంది.

చెన్నై_వాసవి
పూడని సగం ఇంకా ఉంది. ఆ సగం ఆ ఆర్డరు వల్లే ఉంది.

బొమ్మనహళ్లి_కుమార్
బెంగళూరు సంగతి మరచిపోతున్నారు. ఎంత ప్రభుత్వం కావాలో తరవాత, ఏ ప్రభుత్వాన్ని అడగాలో చెప్పండి. 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల పదవీకాలం అయిపోయింది, ఎన్నికలు పెట్టలేదు. ఆ మార్చిలో నీళ్ల కోసం అడగడానికి మా వార్డుకి మనిషే లేడు. 2025లో మన నగరపాలక సంస్థ బీబీఎంపీని ఐదు కార్పొరేషన్లు చేశారు. పేరు మారినంత తేలిగ్గా నా ఫోన్ ఎత్తేవాడు దొరకడు. పరిమితం చేయాలంటే ముందు చేతికి అందే దూరంలో ఉండాలి కదా.

మారతహళ్లి_శ్రీలత
ఇది అసలు మాట. ఆ వఠారం వాళ్లకి ఓటు ఊళ్లో ఉంది, దాహం ఇక్కడ ఉంది.

కాడుగోడి_రవి
అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. నిడుబ్రోలు తమ్ముడూ, ధర కట్టడి చేయమని మళ్లీ మీటింగులో అరవను. ఆ చీకటి బేరం నాతో చేయించింది ఆ కాగితమే. కానీ శ్రీలత గారి 10 రూపాయల బిందె కూడా నా బుర్రలోంచి పోవడం లేదు. ఫ్లాటుకొక మీటరు పెట్టాలని ఈ నెల మీటింగులో పెడుతున్నాను, మొదటి బిల్లు నాకే ఎక్కువ వచ్చేలా ఉంది, మా ఇంట్లో రెండు బాత్‌టబ్బులు.

ఓబులేసు అన్నని ఫోన్‌లో అడిగి నిన్న ఒక పని చేశాం. టేపుకి రెండు సన్న వైర్లు చుట్టి, పైన టార్చి బ్యాటరీలు, చిన్న ఎల్‌ఈడీ బల్బు కట్టాం. కొసలకి నీళ్లు తగిలితే వెలుగుతుంది. మోటారు తీసేసిన ఆ ఎండిపోయిన బోరులో దించాం. 300 దాటింది, 400 దాటింది, పిల్లలందరూ చుట్టూ మూగారు. 410 అడుగుల దగ్గర వెలిగింది. రెండేళ్లుగా మూత వేసి పెట్టిన బోరు, ఒక్కరం కూడా మళ్లీ తొంగిచూడలేదు. అంకె, తేదీ లిఫ్టు పక్కన గోడ మీద రాశాం.

ట్యాంకర్ ఆయనకి ఫోన్ చేశాను, మీ బోరులో దించనిస్తారా అని. కాసేపు మాట్లాడలేదు. 'నాకూ తెలుసుకోవాలనే ఉంది సార్, రండి' అన్నాడు. ఆదివారం పొద్దున ఏడింటికి వెళ్తున్నాం. శ్రీలత గారూ, ఆ వఠారం నుంచి ఇద్దరు ముగ్గురు వస్తామంటే చెప్పండి, నా కారులో తీసుకెళ్తాను.

మారతహళ్లి_శ్రీలత
అడిగాను. నలుగురు వస్తారట. ఆరున్నరకి రండి.